ఊరికే అడిగేను

మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో కింద ‘అజాతశత్రువు’ అని రాయించారు. నేను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వస్తూ షేర్ ఆటో దిగగానే అదే కంటపడింది. నెరిసిన జుట్టు నున్నగా దువ్వి, నుదుట చిన్న బొట్టు పెట్టి, పళ్ళు కనపడకుండా నవ్వుతున్న ముఖం. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలంటారు. చెప్పుకునేవాళ్ళు చెప్పుకోనీ. ఆ మాట అబద్ధమని నేనూ అనను. ఆయనకి నిజంగానే శత్రువులు లేరు. మా వీధిలో శత్రువులంతా ఒకరికొకరు శత్రువులు. ఆయనకి మాత్రం అందరూ కావలసినవాళ్ళే.

మా ఇంటికి మూడో ఇల్లు ఆయనది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దళారీగా చాలాకాలం చేసి, కొట్టు కొడుకు చేతికిచ్చి ఇంటిపట్టునే ఉండేవాడు. ఎండ వాలగానే గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసేవాడు. తనకొకటి, వచ్చేవాళ్ళకి రెండు మూడు. చొక్కా జేబులో కాగితం ముక్కలో చుట్టిన బెల్లం పలుకులుండేవి. బడి నుంచి వచ్చే పిల్లలు ఆయన ముందు చెయ్యి చాపకుండా ఇంటికి వెళ్ళేవారు కాదు. వీధికుక్కలకి కూడా ఆయన చేతి బిస్కెట్టే. నోట్లో ఎప్పుడూ లవంగం. మాట్లాడబోయే ముందు దాన్ని ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చుకునేవాడు. కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుస్తున్నాడంటే ఆ మాట ఎవరి గురించో తెలిసిపోయేది. తుడుస్తూ వాళ్ళ ఇంటివైపే చూసేవాడు.

ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. తిట్టు లేదు, బూతు లేదు. అసలాయన ఎవరి గురించీ ఏమీ చెప్పేవాడే కాదు. అడిగేవాడు.

“మీ ఆడపడుసు మొన్నొచ్చి అన్నం తినకుండా ఎలిపోయిందేటమ్మా?”

“మీ తమ్ముడు కొత్త బండి కొన్నాడు గావాల. నీకు సెప్పేడా?”

అంతే. ఎందుకలా అడుగుతున్నారని ఎవరైనా అంటే చేతులు రెండూ తిప్పి చూపించేవాడు. “ఊరికే అడిగేను. అడగడం కూడా తప్పేటి?” అనేవాడు.

ఆ అడగడం ఏం చేస్తుందో మా ఇంట్లోనే చూశాను. మా అమ్మకీ ఎదురింటి పార్వతమ్మగారికీ స్నేహం. మధ్యాహ్నం పనులయ్యాక ఇద్దరూ మా వసారాలో కూర్చుని వత్తులు చేసుకుంటూ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ పొద్దుపుచ్చేవారు. ఒకరోజు ఆయన మా గుమ్మం ముందు ఆగి, పార్వతమ్మగారు వెళ్ళిన వైపు చూస్తూ అద్దాలు తుడుచుకున్నాడు.

“ఆవిడ మీ ఇంట్లో కాఫీ తాగదేటమ్మా?”

“ఆవిడకి కాఫీ అలవాటు లేదండి” అంది అమ్మ.

“అలాగా. మొన్న మా ఇంట్లో తాగింది. ఊరికే అడిగేను.”

ఆ మర్నాటి నుంచి అమ్మ ఆవిడకి కాఫీ ఇచ్చి చూడడం మొదలుపెట్టింది. ఆవిడ వద్దంటే ఎందుకు వద్దందో ఆలోచించేది. తాగితే ఎందుకు తాగిందో ఆలోచించేది. మనది ఫలానా కులమని లోపల ఏదో పెట్టుకుందేమో అని ఒకరోజు నాతో అంది. ఇంకొన్నాళ్ళకి మధ్యాహ్నాలు మా వసారా తలుపు మూసే ఉండేది. “ఆవిడ నిన్నేమైనా అందా?” అని అమ్మని అడిగాను.

“అనలేదు. అనకపోతే తెలీదా?” అంది.

అమ్మ పోయినప్పుడు పార్వతమ్మగారు మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా తిరిగి వెళ్ళిపోయింది. అదే అమ్మ తుంటి విరిగినప్పుడు ఆటో తెచ్చింది ఆయనే. ఆస్పత్రిలో రోజంతా బల్ల మీద కూర్చుని, ఎక్స్‌రే కవరు పట్టుకుని నాతో పాటు తిరిగిందీ ఆయనే. అమ్మకి మంచం మీద కొబ్బరినీళ్ళు తాగించాడు. అదేదో నటన అయ్యుంటే నాకు సులువుగా ఉండేది. నటన కాదు. ఆయనకి నిజంగానే జాలి వేసింది.

ఫోన్లు వచ్చాక వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెల్లవారగానే ఆయన పంపిన గులాబీ, దాని వెనక దేవుడి బొమ్మ వచ్చేవి. కాసేపాగి ఎక్కడిదో ఒక వీడియో. కింద ఒక్క వాక్యం. ‘ఇది నిజమేనా, తెలిసినవాళ్ళు చెప్పగలరు.’ చివర నమస్కారం బొమ్మ.

ఇదంతా చిల్లర. ఇంతమాత్రమే అయితే ఆయన గురించి రాసే పని ఉండేది కాదు. వీధికొకరు ఇలాంటివాళ్ళు ఉంటారులే అని ఊరుకునేదాన్ని. సన్యాసమ్మ సంగతి జరిగాక అలా ఊరుకోవడం నావల్ల కాలేదు.

సన్యాసమ్మా, ఆమె మొగుడు లచ్చన్నా మాడుగుల అవతల కొండ మీది ఊరి నుంచి దిగి వచ్చారు. కొండపోడులో చోళ్ళు, కందులు పండించుకునే కుటుంబం. కూతురు చదువుకి తెలివైందని, ఊళ్ళో బడి అయిదో తరగతితో ఆగిపోతుందని ఇక్కడికి వచ్చారు. లచ్చన్నకి ఒక గోడౌన్లో వాచ్‌మన్ పని దొరికింది. ఆమె ఒక హాస్టల్లో వంటకి సాయం వెళ్ళేది. మా వీధి చివర పెంకుటింట్లో వాళ్ళకి గది ఇప్పించింది కూడా ఆయనే. సామాను దించుతున్న రోజే కుర్చీలోంచి అడిగాడు.

“ఎవుల తాలూకమ్మా?”

ఆమె ఊరు పేరు చెప్పింది.

“ఓహో, కొండోళ్లా. మంచోళ్లమ్మా కొండోళ్లు” అని తలూపి, లోపలికి వెళ్ళి తన ఇంట్లో పక్కన పెట్టిన పాత గ్యాస్ పొయ్యి తెచ్చి ఇచ్చాడు. ఆమె ఆయన్ని తాతగారూ అని పిలిచేది. ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా సీతాఫలాలో, అనాసపండో ముందు ఆయన ఇంట్లో ఇచ్చి, తర్వాతే మిగతా ఇళ్ళకి పంచేది.

వరలక్ష్మి అని మా వరసలోనే ఇంకొక ఇల్లాలు. ఆమె కొడుకు చిన్నవాడు, ఒకటో తరగతి. సన్యాసమ్మ గది దగ్గరే ఆడుకునేవాడు. ఆమె నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు కోసం పడిగాపులు పడేవాడు. ఆ ఏడు వానాకాలం మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో పడ్డారు. ఆ పిల్లవాడికి ముందు జ్వరం, తర్వాత ఒంటి మీద ఎర్రటి మచ్చలు. విశాఖ తీసుకెళ్ళారు. దోమకాటు జ్వరమని రక్తపరీక్షలో తేలింది. పిల్లవాడు దక్కలేదు.

దినాల్లో ఒక సాయంత్రం వరలక్ష్మి ఇంటి ముందు టార్పాలిన్ కింద వీధంతా కూర్చుని ఉంది. నేనూ వెళ్ళాను. వరలక్ష్మి గోడకి జారబడి, ఏడవడానికి కూడా ఓపిక లేక కళ్ళు మూసుకుని ఉంది. ఆమె అన్న, మొగుడు ఓ పక్కన నిలబడి ఉన్నారు. ఆయన లవంగం మార్చుకున్నాడు. అద్దాలు తీశాడు. వీధి చివరకి చూస్తూ తుడుచుకున్నాడు.

“జ్వరం రాకముందు గుంటడు ఆఖర్న ఎవులింట్లో తిన్నాడమ్మా?”

వరలక్ష్మి కళ్ళు తెరిచింది.

“సీతాఫలం తిన్నాడు” అంది. “ఆ కొండావిడ పెట్టింది.”

“ఓహో” అన్నాడాయన.

వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరో చిల్లంగి అన్నారు. మా వైపు చేతబడిని అలా అంటారు. ఆ మాట మెల్లిగా టార్పాలిన్ ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. ఆమె తెల్లవారుజామున లేచి గుమ్మంలో ఏదో చల్లుతుందని ఒకరన్నారు. కోడిని కోసి ఏదో మొక్కిందని ఇంకొకరన్నారు. నేను ఉండబట్టలేక లేచాను.

“అది దోమల వల్ల వచ్చే జ్వరం. పరీక్షలో తెలిసింది కదా. మన వీధిలో ఎంతమందికి రాలేదు? వాళ్ళంతా సీతాఫలం తిన్నారా?”

“నిజమేనమ్మా” అన్నాడాయన అందరికంటే ముందు. “టీచరమ్మ సదువుకున్నావిడ, ఆవిడ సెప్పినాక ఇంకేటుంది. నాకు తెల్వక ఊరికే అడిగేను.”

నా మాటని అలా ఒప్పుకుని పక్కన పెట్టేశాడు. దానికి జవాబు చెప్పడం వేరే ఎవరికీ అవసరం కాలేదు. వరలక్ష్మి మాత్రం వీధి చివరకే చూస్తూ ఉంది. ఆ చూపు చూసి నేను సన్యాసమ్మ గదికి వెళ్ళి, నాలుగు రోజులు ఊరెళ్ళి రమ్మని చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. “ఎందుకమ్మగారూ, తాతగారున్నారు కదా” అంది.

మర్నాడు నేను కశింకోటలో స్కూల్లో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి వీధి చివర సిల్వర్ గిన్నెలు, బియ్యం, చిరిగిన దిండులోంచి వచ్చిన దూది, పిల్ల పుస్తకాలు బురదలో కలిసి ఉన్నాయి. ఇళ్ళ తలుపులన్నీ వేసున్నాయి. అమ్మ పోయిన తర్వాత మాట్లాడని పార్వతమ్మగారు ఆ రోజు గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

“మద్దినేల జరిగిందమ్మా. వరలక్ష్మి అన్నా ఇంకో నలుగురూ ఎళ్ళి ఆవిణ్ణి బయటికి లాగేరు. వరలక్ష్మే జుట్టట్టుకుంది. ముందు పళ్ళు లేకపోతే మంత్రం పలకదంట కదా. రాయెట్టి రాలగొట్టేసేరు. ఆవిడ కూతురు, ఆ గుంట, అక్కడే నిలబడి ఉంది.”

“ఎవరూ ఆపలేదా?”

“ఆయనే ఆపేరు. ఇంట్లోంచి వచ్చి, సాలు, ఇంక ఒగ్గేయండ్రా, మనుసులం అన్నారు. ఆ ఒక్క మాటకి అందరూ ఆగిపోయారు.”

“ఎంతసేపటికి వచ్చారు ఇంట్లోంచి?”

పార్వతమ్మగారు నా ముఖంలోకి చూసింది.

తర్వాతదంతా ఆయన దగ్గరుండి జరిపించాడు. ఆటోలో ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. తన కండువా ఇచ్చి నోటికి అడ్డం పెట్టుకోమన్నాడు. పోలీసులు వస్తే ఇరుపక్షాల తరఫున తనే మాట్లాడాడు. నేనూ స్టేషన్‌కి వెళ్ళాను. కేసు పెట్టమని, సాక్ష్యం కావాలంటే ముందురోజు మాటలు నేను చెప్తానని సన్యాసమ్మతో అన్నాను. ఆమె కండువాలోంచి ఏమీ పలకలేకపోయింది. లచ్చన్న తల దించుకుని ఆయన వైపు తిరిగాడు.

“మీరెలాగంటే అలాగే తాతగారూ.”

“కేసెడితే తిరగాలి నాయినా” అన్నాడాయన చాలా మెత్తగా. “అడ్డమైనోడూ అడ్డమైన ప్రశ్నా అడుగుతాడు. గుంట సదువు పాడవుద్ది. ఎల్లిపోండి. నా కొడుకుల్లాటోళ్లు మీరు.”

రాజీ అయిపోయింది. మూడో రోజు పొద్దున్నే లోడింగ్ ఆటోలో మిగిలిన సామాను తనే సర్దించాడు. పిల్ల ముందు సీట్లో కూర్చుని ఎవరి వైపూ చూడడం లేదు. ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీసి సన్యాసమ్మ చేతిలో పెట్టాడు.

“బెల్లమమ్మా. దారిలో గుంటకి పెట్టు.”

ఆమె వాచిన మూతితో, ఆ ఆటోలోంచి, ఆయనకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత మంచి మనిషి అన్నట్టు ఆయన్ని చూశారు. రాయి పట్టుకున్న చేతులు కూడా ఆ గుంపులోనే ఉన్నాయి. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. అంత రోత పుట్టించిన దృశ్యం నా జన్మలో ఇంకోటి చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక వచ్చిన ఆదివారం నేను ఆయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని, మనవడికి చెరుకు ముక్కలు చెక్కు తీస్తున్నాడు. నన్ను చూసి మనవణ్ణి లోపలికి పంపేసి, కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు.

“చిల్లంగి ఉందని మీరు నమ్ముతారా?” అన్నాను.

ఆయన నవ్వాడు. “ఏటమ్మా టీచరమ్మా. ఇన్నేళ్ళు మార్కెట్లో బతికినోణ్ణి. సిల్లంగే ఉంటే బెల్లం రేటు నేనే పెంచుకుందును కదా.”

“మరి ఆ రోజు ఎందుకలా అడిగారు?”

ఆయన కత్తి పక్కన పెట్టి, ఇంటి ముందు కాలవ వైపు చూపించాడు. నల్లటి నీళ్ళు కదలకుండా నిలబడి ఉన్నాయి.

“గుంటడు పోయిన నాడు ఆడి బాబు నా దగ్గరకొచ్చి ఏటన్నాడో తెల్సా? కాలవ పూడిపోబట్టే దోమలు, కాలవ మీద ర్యాంపులు కట్టి నీళ్ళాపేసినోళ్లే నా కొడుకుని సంపేరు, ఒక్కొక్కర్నీ వీధిలో నిలబెడతానన్నాడు. ర్యాంపు లేని ఇల్లేదమ్మా ఇక్కడ? నాదుంది. మీదుంది. పార్వతమ్మదుంది. ఆడిదీ ఉంది. ఇంటికీ ఇంటికీ తగువు పడును. తలకాయలు పగులును. కొడుకు పోయినోడికి ఎవులో ఒకరు కావాల.”

“అందుకని ఆవిణ్ణి చూపించారు.”

“నేను సూపించలేదమ్మా. అడిగేను.”

“ఆవిడ మీకేం చేసింది? మిమ్మల్ని తాతగారూ అని పిలిచేది.”

“మంచి మనిసే. కాదన్నానా?” లవంగం మార్చుకున్నాడు. “ఆవిడంటే నాకేటి పగమ్మా? ఇద్దరు కలిసుండాలంటే మూడోవోడొకడు బయటుండాల. అన్నదమ్ములైనా అంతే, వీధైనా అంతే. సూడు, వారం నుంచి అందరూ ఒక్క మాట మీదున్నారు. పార్వతమ్మ నీతో మాట్టాడింది కదా?”

నేను ఒకడుగు వెనక్కి వేశాను. అది కూడా గమనించాడు.

“ఆవిడ పళ్ళు రాలగొట్టారు” అన్నాను.

“అందుకే బేగి ఆపేను” అన్నాడు. తర్వాత ప్లేటు నా వైపు తోశాడు. “తిను తల్లీ. మంచి సెరుకు, ఎస్. రాయవరం పక్కది.”

ఆ పూట నేను అన్నం తినలేదు. ఇప్పటికీ మా వంటింట్లో లవంగం ఉంచను. చిన్నప్పటి నుంచి నాకొక నమ్మకం ఉండేది. ద్వేషం కోపిష్టివాళ్ళ వల్ల, మూర్ఖుల వల్ల నిలిచి ఉంటుందని, చదువు పెరిగితే తగ్గుతుందని పిల్లలకి కూడా చెప్పేదాన్ని. కోపం ఎంతసేపుంటుంది? వరలక్ష్మి అన్న ఆ రాత్రే తాగి, నా చెయ్యి విరిగిపోనూ అని ఏడ్చాడట. కోపం అలిసిపోతుంది. ఆయనకి కోపం లేదు కాబట్టి అలుపు కూడా లేదు. దాణా వేసేవాడికి పశువు మీద ఎంత కోపముంటుందో ఆయనకి మనుషుల మీద అంతే. దేన్ని ఎప్పుడు ఎక్కడ కట్టెయ్యాలో తెలుసు, అంతే. పైగా మేమంతా సుఖంగా ఉండాలనే కోరుకున్నాడు. ఏమని అసహ్యించుకోవాలో కూడా తెలియని అసహ్యం అది.

తర్వాత మా ఇంటి ముందు ర్యాంపు కొట్టించేశాను. ఎవరూ నన్ను చూసి కొట్టించుకోలేదు. ఆయనతో మాట్లాడడం మానేశాను. ఆయన మానలేదు. ఎదురుపడితే “బాగున్నావా టీచరమ్మా” అనేవాడు. పండక్కి కోడలి చేత బూరెలు పంపేవాడు. నేను వెనక్కి పంపితే, “టీచరమ్మకి వొంట్లో బాగోలేదేటి?” అని వీధంతా అడిగాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో అందరూ రోగితో మాట్లాడినట్టు మాట్లాడారు.

ఆయన పెద్దకర్మకి నేను వెళ్ళదలచుకోలేదు. కొడుకు ఇంటికొచ్చి రెండుసార్లు పిలిచాడు. ఆ కొడుకుతో నాకేం తగువు? వెళ్ళాను. ఇంటి ముందు షామియానాలో ఫొటోకి దండ వేసి, దీపం పెట్టారు. ఫొటో ముందు వరలక్ష్మి కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి పక్కకి జరిగింది.

“కన్న తండ్రి కూడా నాకంత సెయ్యలేదు టీచరమ్మా” అంది. “నా కొడుకుని ఎవులు తిన్నారో నాకు తెలియపర్సిన మనిసి.”

అప్పుడే షామియానా అంచున, సంచి పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాను. పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. సన్యాసమ్మ. గోడౌన్లో లచ్చన్నతో పనిచేసినవాడు ఎవరో ఫోన్ చేసి చెప్పాడట. కొండ మీది నుంచి మూడు అనాసపళ్ళు తెచ్చింది. వాటిని ఫొటో ముందు పెట్టి, నేల మీద తల ఆనించి దండం పెట్టి, తలెత్తేసరికి వరలక్ష్మి కనపడింది.

ఇద్దరికీ మధ్య మూరెడు దూరం. ఇద్దరి చెంపల మీదా ఒకే మనిషి కోసం కన్నీళ్ళు. వరలక్ష్మి కాళ్ళు వెనక్కి లాక్కుంది, పాముని చూసినట్టు. సన్యాసమ్మ కొంగు తీసి, ముందు పళ్ళు లేని నోటితో ఆమె కాళ్ళ దగ్గర ఉమ్మేసింది. నలుగురూ లేచారు. నేను సన్యాసమ్మ భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. భోజనం చెయ్యకుండానే నడిపించుకుని బస్టాండుకి తెచ్చాను.

మాడుగుల బస్సుకి ఇంకా టైముంది. టీ తెచ్చి ఇస్తే ఒక పక్క దవడతో జాగ్రత్తగా తాగింది. పళ్ళు కట్టించుకోలేదేమని అడిగాను. “కట్టించుకుంటే నా గుంట మర్సిపోద్ది” అంది. కూతురు ఇప్పుడు పాడేరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. “శెలవులకి వచ్చినప్పుడల్లా నా నోరు సూపిత్తాను. పేరు పెట్టి సెప్తాను. వరలక్ష్మి. మర్సిపోవద్దంటాను. అది మర్సిపోదు. ఎప్పుడో ఒకనాడు ఆ వీధికి ఎల్తానంటది.”

మాట్లాడకూడదనుకున్నాను. ఆ పిల్ల పుస్తకాలు బురదలో పడి ఉండడం గుర్తొచ్చి ఊరుకోలేకపోయాను. టార్పాలిన్ కింద ఆయన అడిగిన మాట, కాలవ చూపిస్తూ నాతో అన్న మాట, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కొడుకు పోయిన పిచ్చిలో ఉన్న మనిషి చేతికి నిన్ను అందించింది ఆయనేనని చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టి, నేలచూపులు చూస్తూ విన్నది.

“ఆయన అడ్డం రాకపోతే నన్ను సంపేసుందురమ్మగారూ” అంది చివరికి.

“అక్కడిదాకా తెచ్చిందీ ఆయనే.”

“మీకెవులు సెప్పేరు?”

“ఆయనే. నాతో, తన నోటితో చెప్పాడు.”

“పోయినోడు కదా. ఇప్పుడు కాదని ఎలా సెప్తాడు?” ఆమె తలెత్తి నన్ను చూసింది. “ఆ వీధిలో నాకు దండం పెట్టుకుందికి ఆయనొక్కడే ఉన్నాడమ్మా. ఆయన్ని కూడా తీసేసుకుంటే నాకింకేటి మిగుల్తాది? ఆ రోజు నా రకతం తుడిసింది ఆయన కండువా. మీది కాదు.”

“సన్యాసమ్మా, నేను అబద్ధం చెప్పి నాకేం లాభం?”

ఆమె సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. వరలక్ష్మిని చూసినప్పుడు ఆ కళ్ళలో ఏముందో, అదే నెమ్మదిగా నా వైపు తిరగడం నేను చూశాను.

“మీరూ ఆ వీధోళ్లే కదా” అంది.

లేచి, రెండు బెంచీలు దాటి, నాకు వీపు పెట్టి కూర్చుంది.